ఘాటే అనుకున్నాం

చిలకని పెంచుకుందామని మీలో ఎవరికన్నా బుద్ధి పుడితే, ముందు మా రెబెకక్కని అడగమనేవాణ్ణి. కానీ అక్క చెప్పదు. చిలక మాటెత్తితే చాలు, చేతిలో పని అక్కడే పెట్టేసి లోపలికి పోతది. అందుకని నేనే చెప్పాలి. నేను నోరు తెరిస్తే జనం ముందు నవ్వుతారు, తర్వాత వింటారు. నవ్వినా ఫర్లేదు, వింటే చాలు.

నా పేరు నతానియేలు. పంతులుగారి కుర్చీ కాలికి తొండని కట్టినందుకు బడి నన్ను వదిలించుకుంది, నేనూ బడిని వదిలించుకున్నా. ట్రాలీ ఆటో తోలతా. సీజన్లో మా ఊరి మిర్చి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, నా బండి మీదే గుంటూరు యార్డుకి పోతయ్. పెళ్ళి కాలేదు. అందుకని అక్కావాళ్ళింట్లోనే తింటా, అక్కావాళ్ళనే ఏడిపిస్తా. మా బావ మార్కు గుడికి బయల్దేరేటప్పుడు చెప్పుల్లో ఒకటి దాచేస్తా. అక్క ఉప్పుడబ్బాలో పంచదార పోస్తా. వాళ్ళకి అలవాటైపోయింది. ఒక ఆదివారం నేనేం చెయ్యకపోతే ఒంట్లో బాగోలేదా అని అడుగుతారు.

ఇది మొన్నటి మిరప సీజన్ సంగతి. కోతలు మొదలయ్యేటప్పటికి మేనకోడలు క్రిస్టీనా తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది. దాని మొగుడు ఇమ్మానుయేలుకి చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ పట్టే పని. వాళ్ళుండే ఇంటి చుట్టూ రాతి పొడేనంట. కడుపుతో ఉన్న పిల్ల ఆ పొడి పీల్చడం మంచిది కాదని అత్తగారే ముందుగా పంపించేసింది. మా ఇంట్లో పొడి ఉండదని ఆమెకెవరు చెప్పారో నాకు తెలీదు. మిరప కోతల రోజుల్లో మా ఊళ్ళోకి కొత్తవాళ్ళెవరన్నా వస్తే బస్సు దిగంగానే తుమ్ముతారు. మేం దగ్గుకుంటానే మాట్లాడుకుంటాం, దగ్గుకుంటానే పాటలు పాడుకుంటాం. గుళ్ళో పాస్టరుగారు వాక్యం చదివేటప్పుడు సగం దగ్గులు జనాలవి, సగం ఆయనవి. మార్చి నెలలో మా ఊళ్ళో దగ్గంటే జబ్బు కాదు, కాలం.

క్రిస్టీనాకి డాక్టర్లు మంచం దిగొద్దని చెప్పారు. బావా అక్కా తెల్లారేసరికి చేలో ఉండాలి, లేదంటే కల్లంలో ఉండాలి. కాయ కోయించడం, ఆరబెట్టడం, రంగు పోయిన తాలుకాయ వేరు చెయ్యడం, మబ్బు పడితే పట్టాలు కప్పడం. ఇంటి మీద ఎవరుంటారు. ఆ పిల్ల పొద్దస్తమానం వసారాలో నులకమంచం మీద పడుకుని ఫోన్ చూసుకోవడం, మొగుడికి ఫోన్ చేసి ఏడవడం. నేను మధ్యలో వచ్చి రెండు జోకులేసి పోయేవాణ్ణి. నా జోకులు ఎంతసేపు వస్తయ్. ఒకరోజు బావ మంచినీళ్ళకని ఇంటికొచ్చి వాకిట్లోనే ఆగిపోయాడు. వసారాలో కూతురు ఫోన్లో, ఈ ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటన్నా అని చెప్తంది. బావ నీళ్ళు తాగకుండానే తిరిగి కల్లానికెళ్ళాడు.

ఆ వారంలోనే ఒకనాడు యార్డులో టిక్కీలు దించి నేనూ బావా ఖాళీ బండితో తిరిగొస్తన్నాం. పెదకాకాని దగ్గర రోడ్డు పక్కన ఒకడు వెదురుబుట్ట ముందేసుకుని కూర్చున్నాడు. బుట్ట మీద చేపల వల కప్పి ఉంది. వల కింద పచ్చగా కుమ్ములాట. బావ బండి ఆపమన్నాడు. నేను విననట్టు ఇంకాస్త దూరం పోనిచ్చా. ఆయన కదుల్తున్న బండిలోంచే కాలు బయట పెట్టాడు.

నేను అన్నీ చెప్పా. అప్పుడు నవ్వుకుంటా చెప్పా గానీ, చెప్పినవేవీ అబద్ధాలు కావు. చిలకంటే గుప్పెడు గింజలేస్తే మూలన పడుండేది కాదు. పొద్దున్నే మనకన్నా ముందు లేస్తది, లేచి ఊరికే కూర్చోదు. మనిషి కనపడకపోతే దిగులు పెట్టుకుంటది, దిగులేస్తే తన ఈకలు తనే పీక్కుంటది. పంజరం చిన్నదైతే పిచ్చెక్కుతది. ముక్కుతో పట్టిందంటే వేలు దాని సొంతం.

"బావా, నీకు పళ్ళూడిపోయినాక కూడా ఇది జాంపండు తింటానే ఉంటది. క్రిస్టీనా కాన్పయ్యి అత్తారింటికి పోతది. ఆ తర్వాత దీనికి మొగుడివి నువ్వే" అన్నా.

బావ వినలేదు. అప్పుడు అసలు మాట చెప్పా. రామచిలకని ఇంట్లో పెట్టుకోవడం నేరం. పక్కూళ్ళో సోడాకొట్టు ఆదెయ్య రెండు చిలకల్ని పెంచితే ఫారెస్టోళ్ళొచ్చి పంజరంతో సహా పట్టుకుపోయి కేసు రాశారు. ఆదెయ్య కోర్టుకి తిరిగీ తిరిగీ కొట్టు మూసేశాడు.

"నువ్వు ఊరంతా చాటింపెయ్యకపోతే ఎవరికి తెలుస్తది" అన్నాడు బావ.

బుట్ట దగ్గర కూర్చున్నవాడు వల ఎత్తాడు. ఎన్ని పిట్టలున్నాయో చెప్పలేను, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయ్. రెక్కల కొసలు కత్తిరించేసి ఉన్నాయ్. చెయ్యి పెడితే చాలు అరుపులు, పొడుపులు. ఒకటి మాత్రం బుట్ట అడుగున ఓ పక్కకి ఒదిగి కూర్చుంది. ఈకలన్నీ ఉబ్బించుకుని దూదిబంతిలాగుంది. కళ్ళు సగం మూసుకుంది. చుట్టూ అంత గొడవ జరుగుతుంటే కిక్కురుమనలేదు.

"అదిగో, అదివ్వు. అరవనిది. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లుంది, నిద్ర చెడిపోకూడదు" అన్నాడు బావ.

వాడు దాన్ని తీసి, కంటికి అంటుకున్న పుసిని లుంగీ చెంగుతో తుడిచి, మంచిదాన్నే పట్టారు, సాధువు లాంటిది అన్నాడు. మేం బండెక్కే లోపలే వాడు బుట్ట తలకెత్తుకుని రోడ్డు దాటి పోతన్నాడు. అంతసేపూ అక్కడే కూర్చున్నవాడికి అప్పుడంత తొందరేం వచ్చిందా అని నాకనిపించింది. బావతో అనలేదు. ఆయన ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని దాని మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు, కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి నించి తెచ్చినట్టు.

క్రిస్టీనా దాన్ని చూసి ఏడ్చింది, అయితే ఈసారి సంతోషంతో. పండు అని పేరు పెట్టింది. వసారాలో మంచం పక్కనే స్టూలు మీద పంజరం. దాని నీళ్ళ గిన్నె కడగడం, అడుగున పేపరు మార్చడం, గింజల మీది పొట్టు నోటితో ఊదడం, అన్నీ ఆ పిల్లే మంచం మీద కూర్చుని చేసేది. వేరుశెనగ పలుకు తన పెదాల మధ్య పెట్టుకుని పంజరం చువ్వల దగ్గరికి మొహం పెట్టేది. పండు మెల్లగా వచ్చి ఆ పలుకు లాక్కునేది. అక్క చూసి మురిసిపోయి, చంటిబిడ్డకి పెట్టడానికి ఇప్పటి నుంచే నేర్చుకుంటందని కల్లంలో అందరికీ చెప్పింది.

పండు సగం పలుకు తిని సగం వదిలేసేది. ఎండు మిరపకాయ ఇస్తే పట్టుకుని కూర్చునేది. రెట్ట ఆకుపచ్చ నీళ్ళలాగ పడేది. నేనడిగితే, మిరపకాయలు తింటే అంతేగా అంది అక్క. కళ్ళు ఎప్పుడూ తడిగా ఉండేయి. సీజన్లో మా ఊళ్ళో ఎవడి కళ్ళు తడిగా లేవు. ఉబ్బిపోయి కూర్చునేది. కొత్త చోటు గదా అన్నారు. దేనికైనా మా దగ్గర ఒక సమాధానం ఉండేది, ప్రతిదీ సరిపోయేది కూడా.

చేలో కాయ కోసేదంతా ఆదోని వైపు నుంచి వచ్చిన కూలీ ముఠా. ఏటా వాళ్ళే వస్తారు. మేస్త్రి హయాత్, ఆయన భార్య కౌసర్, ఇంకా వాళ్ళ తాలూకు మనుషులు. చేను గట్టునే పట్టాలతో గుడిసెలేసుకునేవాళ్ళు. సాయంత్రం పని దిగినాక కౌసర్ మంచినీళ్ళ బిందెతో మా ఇంటికొచ్చేది, వెనకాల చిన్న కూతురు. ఆ పిల్ల వచ్చీ రాగానే పంజరం ముందు గొంతుక్కూర్చుని చిలకని మాట్లాడమని బతిమాలేది. చిలక మాట్లాడదు. దానికి మా మీద ఏ ఉత్సాహమూ లేదు.

ఒక సాయంత్రం నేను ఆగలేకపోయా. బావ కల్లం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటన్నాడు. నేను వసారా గోడ వెనక నక్కి, ముక్కు పట్టుకుని, చిలక గొంతుతో అందుకున్నా.

"ఒరేయ్ మార్కూ, బాగా రుద్దరా."

బావ చెంబు పట్టుకుని అట్టాగే నిలబడిపోయాడు. మళ్ళీ అన్నా. ఆయన చెంబు దించి పంజరం దగ్గరికొచ్చి, ఏందమ్మా, ఏమన్నావు అని దాన్ని ఎంతో మర్యాదగా అడిగాడు. కౌసర్ బిందె దించేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్నపిల్ల చప్పట్లు కొట్టింది. క్రిస్టీనా నన్ను చూసేసింది. నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట రెండు చేతులా పట్టుకుని నవ్వుతా నవ్వుతా దగ్గులోకి దిగింది. మేమూ నవ్వుతానే ఉన్నాం. దగ్గు ఆగలేదు. మా నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయినా దాని దగ్గు మాత్రం ఆగలేదు. పొడిదగ్గు, ఏమీ రాదు, ఊపిరి లోపలికి తీసుకోవడానికి సందు దొరకదు. అక్క వీపు నిమిరింది. చివరికి ఎట్టాగో తగ్గి, కళ్ళు తుడుచుకుని, "మావయ్యా, నువ్వు నన్ను చంపేస్తావ్" అంది.

"ఘాటు. ఇవాళ గాలి కల్లం వైపు నుంచి కొడతంది" అంది అక్క.

నిజమే, గాలి అటు నుంచే కొడతంది.

బావకి అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. మర్నాడు కల్లంలో ముఠా మొత్తానికి చెప్పాడు, మా చిలక పేరు పెట్టి పిలిచిందని. ఆ రోజు నుంచి కౌసర్ కూతురికి ఆ చిలక తప్ప వేరే లోకం లేదు.

అప్పటి నుంచి క్రిస్టీనా దగ్గు పోలేదు. తలనొప్పి అనేది. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు వచ్చి చూసి, సీజన్ గదమ్మా, కడుపుతో ఉన్నోళ్ళకి ఘాటు తొందరగా పడుతుంది, అని ఇంజక్షనిచ్చి పోయాడు. ఆయనకూ దగ్గే. సంఘం ఆడోళ్ళు వచ్చి మంచం చుట్టూ కూర్చుని ప్రార్థన చేశారు. ప్రార్థన మధ్యలో వాళ్ళూ దగ్గారు. ఆ పిల్ల దగ్గు వేరేగా ఉందని ఎవరికి తెలుస్తది. అందరూ తడిసి ఉన్న చోట ఒకళ్ళకి చెమట పట్టిందని ఎట్టా కనిపెడతారు.

అయినా అక్క ఊరికే కూర్చోలేదు. పెరట్లో పోసిన తాలుకాయ కుప్పని చేలోకి ఎత్తించింది. వసారాకి తడిచీరలు కట్టింది. అదీ చాలలేదని కూతుర్ని లోపలి గదిలోకి మార్పించి, కిటికీలు మూసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. చీమంత ఘాటు కూడా లోపలికి రాకూడదని. చిలకని వసారాలో వదిలేద్దామంటే క్రిస్టీనా ఒప్పుకోలేదు. అక్క కూడా, పాపం నోరులేనిది, దానికీ ఘాటే గదా అని పంజరం తెచ్చి ఆ గదిలోనే మంచం తల దగ్గర పెట్టింది.

నేనే స్టూలు మోసుకొచ్చా. గదిలో పంజరం వాసన అప్పటికే ఉంది. పండు రెక్కలు విదిలిస్తే సన్నటి పొడి లేచి, తలుపు సందులోంచి పడే వెలుతురులో తేలతా కనపడింది. మిరప పొడి ఎర్రగా ఉంటది. ఇది తెల్లగా ఉంది. చూశా. చూసి, టిక్కీలకి టైమైందని బండి దగ్గరికి పోయా.

ఆ గదిలోకి మార్చి వారం గూడా కాలేదు. ఒక ఉదయం టిక్కీలు కడతంటే బావ పరిగెత్తుకుంటా వచ్చాడు, క్రిస్టీనాకి ఊపిరాడట్లేదని. పోయి చూస్తే మంచం మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి గాలి కోసం పెనుగులాడతంది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. నా మొహం చూసి నవ్వడానికి ట్రై చేసింది. అదొక్కటీ చెయ్యొద్దే అన్నా.

బండి మీది టిక్కీలన్నీ నేనూ బావా రోడ్డు మీదే దొర్లించేశాం. పరుపేసి పిల్లని పడుకోబెట్టాం. అక్క, తాళం పెట్టొస్తానని లోపలికెళ్ళి ఎంతసేపటికీ రాదు. నేను హారన్ కొడతానే ఉన్నా. వచ్చి కూతురి తల ఒళ్ళో పెట్టుకుంది. గుంటూరు దాకా నేను ఒక్క జోకూ వెయ్యలేదు. అంత దూరం నేను నోరు మూసుకుని బండి తోలడం అదే మొదటిసారి.

ఆస్పత్రిలో న్యుమోనియా అన్నారు, రెండు పక్కలా పట్టిందన్నారు. ఆక్సిజన్ పెట్టారు. తల్లికి గాలి అందకపోతే లోపల బిడ్డకీ అందదని, ఇద్దరికీ ప్రమాదమేనని డాక్టరమ్మ ఇమ్మానుయేలుని పక్కకి పిలిచి చెప్పింది. ఆ పిల్లాడు చీమకుర్తి నుంచి పని బట్టల్లోనే వచ్చాడు, కనుబొమల్లో రాతి పొడి అట్టాగే ఉంది. విని తలూపాడు, తర్వాత చాలాసేపు తలూపుతానే ఉన్నాడు. బావ కల్లం వదిలి రాలేడు, కాయంతా బయటే ఉంది. నేను ఊరికీ ఆస్పత్రికీ తిరుగుతున్నా. వెళ్ళినప్పుడల్లా క్రిస్టీనా ముందురోజు కన్నా మంచంలో లోపలికి దిగిపోయినట్టు కనపడేది. మందులిస్తనే ఉన్నారు. జ్వరం దిగట్లేదు. డాక్టరమ్మ మొహం చూస్తే, ఆమెకీ ఏదో సరిపడట్లేదని నాలాంటోడికి కూడా తెలిసిపోతంది.

ఒకరోజు మధ్యాహ్నం నేను ఇడ్లీ పొట్లం తీసుకెళ్తే అక్క వరండాలో బెంచీ మీద కూర్చునుంది. తిననంది. ఏదో ఒకటి మాట్లాడించాలి గదా అని, డాక్టరమ్మ ఏమంటందని అడిగా. ఏవేవో అడిగిందిరా అంది అక్క. ఇంట్లో ఎవరికన్నా టీబీ ఉందా, ఎక్కడికన్నా ఊళ్ళు తిరిగారా, మొగుడు చేసేది రాతి పొడి పనా.

"ఇంట్లో పక్షులున్నాయా అని కూడా అడిగింది. కోళ్ళు, పావురాలు, చిలకలు అని."

నేను పొట్లం విప్పుతున్నా. దారం ముడి పడింది.

"ఏం చెప్పావు?"

"ఏముంది చెప్పటానికి. లేవని చెప్పా."

"ఎప్పుడడిగింది?"

"చేర్చిన రోజే."

నేను ఆమె మొహంలోకి చూశా. అక్క నేల చూసింది. మెల్లగా చెప్పుకొచ్చింది. ఆదెయ్య సంగతి మీ బావకి నువ్వే గదా చెప్పావు. పెద్దాస్పత్రి, వీళ్ళకీ ఫారెస్టోళ్ళకీ పోలీసులకీ అందరికీ ఫోన్లుంటయ్. ఒకపక్క పిల్ల ఇట్టా ఉంటే ఇంకోపక్క మీ బావని లోపలేస్తే కల్లం ఎవరు చూసుకుంటారు. అయినా ఊపిరితిత్తులకీ చిలకకీ ఏం సంబంధం, అది ఈ పిల్ల గుండెల్లోకి పోయి కూర్చుందా.

ఆ తెల్ల పొడి అప్పుడు నా కళ్ళ ముందు లేచింది. లేచి డాక్టరమ్మ గది వైపు నడిచా. వెనక నుంచి అక్క, "నతానీ, ఆగరా. నీకు పుణ్యముంటది, ఆగు" అంటంది. ఆమె ఎప్పుడూ నన్ను అట్టా బతిమాలలేదు. ఆగలేదు.

తలుపు తీసి, ఉందండి అన్నా. ఆమెకి అర్థం కాలేదు. చిలక ఉందండి, పిల్ల మంచం తల దగ్గరే పెట్టాం, తలుపులన్నీ మూసి పెట్టాం, నోటితో పలుకులు పెట్టేది, అని గబగబా చెప్పేశా. నా మాటకి ఎవరో ఒకరు నవ్వడం నాకలవాటు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. పెన్ను కింద పెట్టింది. చిలక హుషారుగా ఉందా అనడిగింది. లేదండి, మొదటి రోజు నుంచీ ఉబ్బిపోయి కళ్ళు మూసుకునే ఉండేదన్నా. అది సాధు స్వభావం అనుకున్నాం అన్నా. ఆమె లేచి నర్సుని పిలిచి మందులు మార్చమని చెప్పింది.

చిలకల నుంచి మనుషులకొచ్చే జ్వరం ఒకటుందంట. రెట్ట ఎండి పొడైతే ఆ పొడిలో, ఈకల పొడిలో, ముక్కు నీళ్ళలో ఉంటదంట. ఇరుకు బుట్టల్లో కుక్కి పెట్టిన పిట్టల్లో ఒకదాని నుంచి ఒకదానికి తొందరగా పాకుతదంట. కడుపుతో ఉన్నోళ్ళకి మరీ చెడ్డది. ముందే తెలిస్తే మందు సులువు. 

క్రిస్టీనా సంగతి ఇక్కడే చెప్పేస్తా, మిమ్మల్ని ఊరించడం నాకిష్టం లేదు. మందు మార్చినాక జ్వరం దిగింది. పిల్ల బతికింది. బిడ్డని మాత్రం నెలలు నిండకముందే తియ్యాల్సొచ్చింది. ఆడపిల్ల. గాజుపెట్టెలో పెట్టారు. బతికింది గానీ, ఇప్పటికీ ఊపిరి తీసుకునేటప్పుడు సన్నగా ఈల వినపడుద్ది. ఆ ఈల ఆగిందనిపిస్తే ఇంట్లో అందరం చేసే పనులాపి చూస్తాం.

ఆ మధ్యాహ్నానికి ఇవేవీ మాకింకా తెలీదు. డాక్టరమ్మ అడిగిన చివరి ప్రశ్న, చిలక ఇప్పుడెక్కడుంది అని. పశువుల డాక్టరుకి చూపించాలి, దాన్ని ముట్టుకున్నవాళ్ళందర్నీ కనిపెట్టుకుని ఉండాలి, ముఖ్యంగా పిల్లల్ని. ఇంట్లోనే ఉందండి, మా బావ చూసుకుంటన్నాడు అన్నా. వరండాలోకొచ్చి బావకి ఫోన్ చేద్దామని తీశా. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఇంట్లో లేదురా."

తాళం పెట్టొస్తానని లోపలికెళ్ళిన రోజు, పెరటి దారిన తీసుకెళ్ళి కౌసర్ చేతిలో పెట్టేసిందంట పంజరం. ఇల్లు ఖాళీగా ఉంటది, దాన్నెవరు చూస్తారు, ఎవరి కంటన్నా పడితే కేసు. ఆ చిన్నపిల్ల ఎట్టాగూ దాని మీద ప్రాణాలు పెట్టుకుంది.

బావకి ఫోన్ చేశా. ముఠావాళ్ళు కోత అయిపోయి నిన్ననే లారీ ఎక్కారన్నాడు. పంజరం కూడా ఎక్కించారు, ఆ పిల్ల ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది, మాట్లాడే చిలకంట అని లారీ డ్రైవరుకి కూడా చూపించింది, అని చెప్పాడు.

హయాత్ నంబరుకి చేశా. మోగింది, మోగింది, కౌసర్ ఎత్తింది. నా గొంతు వినగానే ఆమెకి నవ్వొచ్చింది, ఏంటన్నా ఇయాల మళ్ళా చిలకలాగ మాట్లాడతావా అనింది. కాదమ్మా, నవ్వకుండా విను అన్నా. చిలక ఎట్టుందని అడిగా.

"బాగుండాదన్నా. పాప అన్నం తట్టలోనే తింటాది. పాపే రెండు దినాల నుంచి సరిగ్గా తినకుండా పండుకోనుండాది."

నాకు తెలిసినదంతా తెలిసినట్టు చెప్పా. చిలకని బయట పెట్టండి, పాపని ఇప్పుడే పెద్దాస్పత్రికి తీసుకుపోండి, పోగానే ముందు చిలక సంగతి చెప్పండి, మిగతావి తర్వాత.  కౌసర్ గొంతు తగ్గించింది.

"చెప్తే పోలీసులొస్తారంట గదన్నా. ఎవరడిగినా ల్యాదని చెప్పమని, అల్లా మీద ఒట్టేయించుకునింది మీ యక్క."

నేను ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి అక్కకిచ్చా. ఏం మాట్లాడాలో ఆమెకి నేను చెప్పలేదు.  అవతల కౌసర్, అక్కా, అక్కా అంటంది, నాకు కూడా వినపడతంది.

"కౌసరూ, ఒట్టు తీసేశానమ్మా. నాదని చెప్పు. నేనిచ్చానని చెప్పు, నా పేరు చెప్పు. రెబెకా అని చెప్పు" అంది అక్క.

జవాబు రాలేదు. చూస్తే లైన్ కట్టయి ఉంది. ఏ మాట దగ్గర కట్టయిందో మాకు తెలీదు. అక్క మళ్ళీ నొక్కింది. స్విచాఫ్ అని వచ్చింది. సాయంత్రం దాకా నొక్కుతానే ఉంది.

మర్నాడు కూడా ఫోన్ స్విచాఫే ఉండేసరికి నేను బండి తీసుకుని ఆదోని దాకా పోయా. బస్టాండు బయట నిలబడి హయాత్ మేస్త్రి అని కనపడినోళ్ళందర్నీ అడిగా. ఏ ఊరి హయాత్ అని వాళ్ళు నన్నడిగారు. బావకి ఫోన్ చేసి అడిగా. బావ అక్కనడిగాడు. ఏటా మా చేలో కాయ కోశారు, మా బావిలో నీళ్ళు తాగారు. ఆదోని వైపు అంటే చాలనుకున్నాం గానీ, ఏ ఊరని ఎవరం ఎప్పుడూ అడగలేదు.

ఈ ఏడు కోతలకి వేరే ముఠా వచ్చింది.